లారీకి సంబంధం

ఆదోనిలో పత్తి సీజను మొదలైతే ఊరు ఊరంతా తుమ్ముతుంది. మనుషులు తుమ్ముతారు, ఎనుములు తుమ్ముతాయి, మార్కెట్ యార్డు గేటు కూడా ఒకసారి తుమ్మి గానీ తెరుచుకోదని నా అనుమానం. టీ గ్లాసు చేతిలో పట్టుకుని పక్కవాడితో నాలుగు మాటలు మాట్లాడితే చాలు, దూది వచ్చి టీ మీద మీగడలా పేరుకుంటుంది. మా ఊళ్ళో కొందరు దాన్ని మీగడే అనుకుని తాగేసి, పాలు చిక్కగా ఉన్నాయని హోటలాయనను మెచ్చుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి.

అలాంటి సీజనులో, ఊళ్ళో ఉన్న ప్రతి చక్రమూ తిరగాల్సిన రోజుల్లో, మా చిన్నాయన లారీ మాత్రం జిన్నింగు మిల్లు గోడ పక్కన, వేపచెట్టు నీడలో తపస్సుకు నిలబడింది. టైర్ల చుట్టూ గడ్డి మొలిచింది. ఒక కుక్క దాని కింద కాపురం పెట్టి, పిల్లల్ని కని, ఆ పిల్లలకు మళ్ళీ సంబంధాలు చూసే దాకా వచ్చింది. ఎదురింటామె ముందు బంపరుకు మేకలను కట్టేసేది. అద్దం మీద ఎవరో పిల్లవాడు దుమ్ములో వేలితో ఏనుగు బొమ్మ గీశాడు. వాన పడక ఆ ఏనుగు అలాగే ఉండిపోయింది.

ఇంతటికీ కారణం ఒక్కటే. డ్రైవరు లేడు.

మా చిన్నాయన అంటే మా నాయనకు తమ్ముడు. మనిషి పొట్టి, మీసం పొడుగు. ఒకప్పుడు ఆయనకు నాలుగు లారీలుండేవి. ఒక్కొక్కటే అమ్ముడుపోయి ఈ ఒక్కటి మిగిలింది. ఊళ్ళో ఆయనను అందరూ ‘లారీ సావుకారు’ అంటారు. ఆ లారీ కూడా పోతే వట్టి సావుకారు మిగలాలి, ఆ మాటకు తగినంత ఆస్తి ఆయన దగ్గర లేదు. ఆ బాధ ఆయనది. హోస్పేట నుంచి పాత బండ్లు కొనే ఆసామి ఒకాయన వచ్చి, సంతలో ఎద్దును చరిచినట్టు బానెట్టును రెండు చరుపులు చరిచి, ‘సీజను అయిపోయినాక మాట్లాడదాం’ అని పోయాడు. ఆ రోజు మా చిన్నాయన అన్నం తినలేదు. బండి ఈ సీజనులో కదలకపోతే అమ్మక తప్పదు, అమ్మితే ఆయన ఊళ్ళో తలెత్తుకోలేడు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనలేదు.

డ్రైవర్లు ఎందుకు దొరకడం లేదన్న విషయం మీద ఆదోనిలో జరిగినంత చర్చ పార్లమెంటులో కూడా జరిగి ఉండదు. మా పక్క, బొరుగుల ఉగ్గాని, బజ్జీలు అమ్మే హోటల్లో పొద్దున్నే సభ మొదలయ్యేది.

“సెల్లు ఫోన్లప్పా, సెల్లు ఫోన్లు! చేతిలో ఫోను ఉంటే స్టీరింగు పట్టుకునేది యాడ?” అనేవాడు ఒకాయన, తన ఫోనులోంచి తల ఎత్తకుండానే.

“ఒళ్ళు వంగదు ఈ కాలం పిల్లోళ్ళకు,” అనేవాడు ఇంకొకాయన. ఆయన ఒళ్ళు వంగడం నేను పుట్టిన తరువాత చూడలేదు.

“కాదు, పిల్లనియ్యరు. డ్రైవరంటే ఎవురూ పిల్లనియ్యరు,” అనేవాడు మూడో ఆయన.

“కోసిగి నుంచి ఎంత మంది పోతాండారు బెంగుళూరుకు మట్టి పనికి! లారీ ఎక్కి పోతారు గాని, లారీ తోలమంటే తోలరు. ఏం మాయనో!”

మా చిన్నాయన మీసం దువ్వుకుంటూ తీర్పు చెప్పేవాడు: “సోమరితనం. అంతే.” జీతం సంగతి మాత్రం ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. ఆ హోటల్లో కూర్చున్న వాళ్ళందరూ ఓనర్లే. ఓనర్ల సభలో జీతం మాట ఎత్తడమంటే పెళ్ళి పందిట్లో చావు మాట ఎత్తినట్టు.

నేను మాత్రం మిరపకాయ బజ్జీ కొరుకుతూ మా భాయ్‌ని తలుచుకునేవాణ్ణి.

భాయ్ మా చిన్నాయన మొదటి లారీకి డ్రైవరు. ఆదోని కోట కింద వీధిలో ఉండేవాడు. నాకు ఊహ తెలిసేసరికే ఆయన మా ఇంట్లో మనిషి. ఎత్తు ఎంతంటే, మా గడప దాటాలంటే నడుము దగ్గర మడత పెట్టుకోవాల్సిందే. మెడలో ఎర్ర రుమాలు, కండ్లకు సుర్మా, జేబులో అత్తరు సీసా. లారీ మలుపు తిరగక ముందే అత్తరు వాసన తిరిగేది. హారను కొట్టాడంటే ఆలూరులో పడుకున్న కోళ్ళు లేచేవి. ఆ హారను వినిపిస్తే మా వీధి పిల్లలం పలకలు పడేసి పరుగెత్తేవాళ్ళం, మా వెనక పంతులు కూడా పరుగెత్తేవాడు. మమ్మల్ని పట్టుకోవడానికని ఆయన చెప్పేవాడు గానీ, మా అందరికంటే ముందు లారీని చేరేది ఆయనే.

భాయ్ ఎక్కడికి పోతే అక్కడి రుచి తెచ్చేవాడు. నాగపూరు నుంచి కమలాలు, దావణగెరె నుంచి ఆకులో చుట్టిన వెన్న, అరవ దేశం నుంచి ముక్కు పగిలే కాఫీ పొడి. భూగోళం నేను బడిలో నేర్చుకోలేదు, భాయ్ సంచీలో నేర్చుకున్నాను. ఇప్పటికీ నాకు మహారాష్ట్ర నారింజ రంగులో, కర్ణాటక వెన్న రంగులో కనిపిస్తాయి.

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. లారీ దూరం పోయేముందు భాయ్ మా ఇంట్లో భోంచేసి పోవాలి. తిరిగొచ్చినాక మా ఇంట్లో భోంచేసి గానీ తన ఇంటికి పోకూడదు. మా అవ్వ ఆ రోజు తన మడినీ ఆచారాన్నీ మడిచి అటక మీద పెట్టేసేది. వేడి జొన్నరొట్టె మీద వెన్న ముద్ద వేసి, “తిను నాయనా, ఆ దావల్లో ఏం దొరుకుతాదో ఏమో,” అంటూ ఎదురుగా కూచునేది. భాయ్ నాలుగు రొట్టెలు తింటే “ఏం తిన్యావ్!” అనేది. ఎనిమిది తిన్నా అదే మాట. భాయ్ తినడం ఆపేదాకా మా చిన్నాయన కంచం ముందు కూచునేవాడు కాదు. ఓనరు తరువాత తినేవాడు, డ్రైవరు ముందు తినేవాడు. తిన్నాక వసారాలో నులక మంచం మీద భాయ్ పడుకుంటే ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. మా అవ్వ దగ్గు వస్తే పెరట్లోకి పోయి దగ్గి వచ్చేది.

జీతం ఎంతిచ్చేవారో నాకు తెలియదు. ఎక్కువ ఉండదు, మా చిన్నాయన చేతి సంగతి నాకు తెలుసు. కానీ మా చిన్నాయన ఆయనను ‘భాయ్’ అనేవాడు, భాయ్ ఈయనను ‘సావుకారీ’ అనేవాడు, మధ్యలో ఆ నులక మంచం ఉండేది.

భాయ్ చెప్పే కబుర్లు వేరు. కోయంబత్తూరు పక్క మిల్లుల్లో మేనేజర్లు ఎదురొచ్చి, కుర్చీ వేసి, ఇత్తడి లోటాలో కాఫీ ఇస్తారనేవాడు. “ఆదోని పత్తి వచ్చిందని బ్యాండు మేళం పెడ్తార్రా!” అనేవాడు. మేము నమ్మేవాళ్ళం. నేను పెద్దవాడినై మిల్లు గేటు దగ్గర కుర్చీలో కూచుని కాఫీ తాగాలన్నది నా జీవితాశయంగా ఉండేది. లెక్కల్లో మార్కులు రాలేదు కాబట్టి అది తప్పకుండా నెరవేరుతుందని మా నాయన కూడా నమ్మాడు.

తరువాత భాయ్ కాలం చేశాడు. అవ్వ కూడా పోయింది. వసారాకు షట్టరు బిగించి, అద్దాల బల్ల వేసి, లారీ ఆఫీసు చేశారు. నులక మంచం ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. మా చిన్నాయన కొడుకు, అంటే నాకు తమ్ముడు, ఆ అద్దాల బల్ల వెనక కూచుని, లారీ ఎక్కడుందో ఫోనులో చుక్కగా చూపించే యంత్రం ఒకటి పెట్టించాడు. అప్పటి నుంచి డ్రైవర్లు మా ఇంటికి రావడం మానేశారు, చుక్కలు మాత్రం వస్తుండేవి. కొన్నాళ్ళకు అవీ ఆగిపోయాయి.

ఇలా ఉండగా మెకానిక్ ఒకాయన కబురు తెచ్చాడు. ఎమ్మిగనూరులో ఒక మనిషి ఉన్నాడు, లారీ తోలడంలో గట్టివాడు, ఒక్క యాక్సిడెంటు లేదు. అయితే లారీ మానేసి ఇంట్లో మగ్గం నేస్తున్నాడు.

“మగ్గమా?” మా చిన్నాయన నవ్వాడు. “మగ్గం మీద ఏం మిగుల్తాది? మనం పోయి పిలిస్తే పరిగెత్తుకోని వస్తాడు సూడు.”

మా చిన్నమ్మ మాత్రం, “అడగబోయేటప్పుడు వట్టి చేతుల్తో పోగూడదు,” అని అరటిపండ్లు, టెంకాయ, ఆకులు వక్కలు, పూలు, ఒక డబ్బా మైసూరుపాకు సంచీలో సర్దింది. మా చిన్నాయన పెట్టెలోంచి జరీ అంచు పంచె తీసి కట్టుకుని, పైన కండువా వేసుకున్నాడు. నేను జుట్టుకు రంగు వేసుకున్నాను. అది వేరే పని మీద వేసుకున్నాను గానీ, రోజు అదే కుదిరింది.

ఎమ్మిగనూరు సాలెవాళ్ళ వీధిలో మగ్గాల చప్పుడు వానలా పడుతూ ఉంటుంది. మేము నడిచేకొద్దీ ఆ వాన ఒక్కో ఇంట్లో ఆగిపోతూ వచ్చింది. నేసేవాళ్ళు మగ్గం గుంటల్లోంచి మెడలు చాచి చూస్తున్నారు. ఇంటి ముందు నూలు కండెలు చుట్టే ఆడవాళ్ళు రాట్నాలు ఆపేశారు. మేము ఆ ఇల్లు చేరేసరికి సగం వీధి మా వెనకే ఉంది.

లోపల రెండు గుంట మగ్గాలు. ఒకదాని మీద ముసలాయన, డ్రైవరు తండ్రి. రెండో దాని మీద మేము వెతికే మనిషి. నలభై లోపల ఉంటాడు, మాటకు ముందు ఆలోచించే రకం. అతని భార్య మమ్మల్ని, మా సంచీని, సంచీలోంచి తొంగిచూస్తున్న పూలను చూసి, చాప పరిచి, గబగబా లోపలికి పోయింది. లోపల గుసగుసలు, గాజుల చప్పుడు. కాసేపటికి మొహానికి పౌడరు, తలలో కనకాంబరాలు పెట్టుకున్న ఒక పిల్ల, అతని చెల్లెలు, తల వంచుకుని కాఫీ గ్లాసులు తెచ్చింది.

నాకు అప్పటికే కొంచెం కొంచెం అర్థమవుతోంది. మా చిన్నాయనకు ఇంకా కావడం లేదు. ఆయన పండ్లూ పూలూ పళ్ళెంలో పెట్టి, గొంతు సవరించుకుని, “మా బండి మంచి బండమ్మా. మీరు ఊఁ అంటే మంచి దినం సూసుకోని...” అని మొదలుపెట్టాడు.

వాకిట్లోంచి ఒక ముసలమ్మ నన్ను తేరిపారా చూసి, “పిల్లోడు ఈయప్పనేనా? ఏమప్పా, రెండో సంబంధమా?” అంది.

“జుట్టు సూస్తే మొదటిది మాదిరి ఉండాదే!” అంది ఇంకొకామె.

“చెవుల కాడ సూడు, మూడోదేమో!”

మా చిన్నాయనకు అప్పుడు వెలిగింది. చేతులు రెండూ ఎత్తి, “అయ్యో, మేము పిల్లను అడగను రాలేదమ్మా! డ్రైవరును అడగను వచ్చినాం!” అన్నాడు.

వీధి వీధంతా నవ్వింది చూడండి, ఆ నవ్వుకు మంత్రాలయం దగ్గర మాధవరంలో తుంగభద్ర ఒడ్డున బట్టలుతికే వాళ్ళు తల ఎత్తి చూశారంటే నేను నమ్ముతాను. కనకాంబరాల పిల్ల అందరికంటే ఎక్కువ నవ్వింది. నన్ను తప్పించుకున్న ఆనందం దాచుకోవాలని కూడా ఆమెకు తోచలేదు.

“ఏం కాలం వచ్చినాదప్పా! డ్రైవర్లకు గూడ పెండ్లిచూపులు జరుగుతాండాయి!” అనుకుంటూ జనం సర్దుకున్నారు.

డ్రైవరు భార్య మాత్రం నవ్వలేదు. మా ఎదురుగా కూచుని, రాట్నం దగ్గరికి లాక్కుని, కండె చుట్టడం మొదలుపెట్టింది.

“పిల్లను అడిగింటే ఆలోచన చేసేవాళ్ళం పెద్దాయనా. ఆయప్పను మాత్రం ఇయ్యం.”

“అట్లంటే ఎట్లమ్మా? పొద్దస్తమానం కొడితే మగ్గం మీద ఏమొస్తాది?”

“ఏమీ రాదు. మగ్గంలో కూడు లేదనే గదా ఆయప్ప లారీ ఎక్కింది? మళ్ళా మగ్గంలోకే దిగినాడంటే మీ లారీల్లో ఏముండాదో మీరే లెక్కేసుకోండి.”

మా చిన్నాయన మీసం దువ్వుకోబోయి ఆగాడు. ఉగ్గాని హోటల్లో ఇన్నాళ్ళ చర్చలో ఈ లెక్క ఎవరూ వేయలేదు.

“జీతం కొంచెం తక్కువే అనుకో...”

“జీతం ఒకటేనా? టైరు పగిల్తే ఆయప్పది తప్పు. డీజిలు తగ్గితే ఆయప్పది తప్పు. దావలో చెయ్యి చాపినోడికి ఇచ్చింది ఆయప్ప తిండి బత్తాలోది. బండి తిరిగితేనే బత్తా అంట, మిల్లు గేటు కాడ నిలబడిన దినాలకు లేదంట. బండి నిలబడితే కడుపు గూడ నిలబడ్తాదా పెద్దాయనా? మా చిన్నోడు వాళ్ళ నాయనను చూసి ఎవురో అనుకోని ఏడ్చినాడు. మగ్గంలో కూచుంటే కాళ్ళు గుంటలో ఉంటాయి, నిజమే. పొద్దు మునిగితే ఆ కాళ్ళు ఇంట్లో ఉంటాయి.”

“అందరు ఓనర్లూ ఒక మాదిరి ఉండరమ్మా. నేను పుట్టి పెరిగిందే లారీలో!”

ఇది పూర్తిగా నిజం కాదు. మా చిన్నాయన లారీ ఎక్కేది ఆయుధపూజ రోజు, ఫోటో కోసం. మిగతా రోజులు ఆయన లారీని ఆఫీసులో కూచునే నడిపేవాడు.

ఆమె రాట్నం ఆపింది.

“అట్లయితే ఒక పని చేయండి. ఒక్క ట్రిప్పుకు ఆయప్పను పంపిస్తా. పక్కన మీరు కూచోని పోయి రాండి. ఎనకాల కారులో పోయేది లేదు, లాడ్జీ రూము లేదు. ఆయప్ప తినేడ తినల్ల, పండుకునేడ పండుకోవల్ల. వచ్చినాక, ‘అమ్మా, ఇది మంచి పని’ అని నా మొగం సూసి సెప్పండి. అప్పుడు మాట్లాడుకుందాం.”

“ఓస్, ఇంతేనా!” అన్నాడు మా చిన్నాయన. అని, నా వైపు చూశాడు. ఆయన ఎక్కడికి పోయినా బీపీ మాత్రలు గుర్తు చేయడానికి నేనుండాలి. ఆ విధంగా నా ప్రమేయం లేకుండా నేనూ డ్రైవరు బతుకులోకి అడుగుపెట్టాను.

కుక్కను, దాని సంతానాన్ని బతిమాలి పంపించి, మేకలను విప్పి, పత్తి బేళ్ళు నింపి, మేము బయలుదేరాం. కోయంబత్తూరు పక్క నూలు మిల్లుకు. గుంతకల్లు దాటక ముందే నాకు తెలిసిందేమిటంటే, లారీ ముందు భాగంలో సీటు అనబడేది ఒక ఊహ మాత్రమే. ఇంజను మన పక్కనే కూచుని ఉంటుంది, బొగ్గుల కుంపటిని ఒడిలో పెట్టుకున్నట్టు. మా చిన్నాయన ఎముకలు ఒకదాని చోటు ఒకటి మార్చుకున్నాయి. గుంత వచ్చినప్పుడల్లా ఆయన తల కప్పుకు తగిలేది. అనంతపురం దాటేసరికి ఆయన ఎత్తు ఒక అంగుళం తగ్గిందని నేను, లేదు, బొప్పి కలుపుకుంటే పెరిగిందని ఆయన.

డ్రైవరు తడిపిన తువ్వాలు తల మీద వేసుకుని, దారి మీంచి చూపు తీయకుండా తోలాడు. ఎక్కడో ఒకసారి మాత్రం అన్నాడు: “సావుకారీ, కాలు ఆ పక్కకు పెట్టండి. ఈ పక్క రేకు కాలుతాది.” అప్పటికే కాలింది.

మిల్లు చేరాం. చిన్ననాటి నుంచి వింటున్న మిల్లు! కుర్చీ, లోటా, బ్యాండు మేళం! గేటు ముందు లారీల వరుస కనిపించింది. వరుస ఎంత పొడుగంటే, చివరి లారీ మళ్ళీ ఆదోనిలో ఉన్నట్టు అనిపించింది. సరుకు దించేది రేపు అన్నారు. రేపు వచ్చినాక మళ్ళీ రేపు అన్నారు.

మా చిన్నాయన కండువా సర్దుకుని గేటు దగ్గరికి పోయి, సగం తెలుగు సగం కన్నడం కలిపి, దాన్నే అరవం అనుకుని, “నాను ఓనరు! ఓనరు నేను! ఒళగె పోవల్ల!” అన్నాడు. వాచ్‌మన్ ఆయన మసిబారిన పంచెను, బొప్పిని చూసి, లారీవాళ్ళు లోపలికి రాకూడదని చేత్తో చూపించాడు. ఆ మాట అర్థం కావడానికి భాష అవసరం పడలేదు.

కుర్చీ లేదు. నీళ్ళు లేవు. ముఖ్యంగా, ఏది లేకపోతే మనిషి పొద్దున్నే మనిషిలా ఉండలేడో అది లేదు. సీసాలో నీళ్ళు పట్టుకుని రోడ్డవతల కంపచెట్లలోకి పోయిన మా చిన్నాయనను ఆ పక్క చేని కుక్కలు తరుముకున్నాయి. మోకాళ్ళ నొప్పులని పదేళ్ళుగా మెట్లు ఎక్కని మనిషి, జరీ అంచు పంచె చేత్తో పట్టుకుని, కంచె మీది నుంచి ఎగిరి దూకాడు. వరుసలో ఉన్న లారీలవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. మా డ్రైవరు మాత్రం కొట్టలేదు. దూరం నుంచి బిందెతో నీళ్ళు మోసుకొచ్చి, ఆయన కాళ్ళ మీద పోశాడు.

మధ్యాహ్నం లారీ కింద దుప్పటి ఉయ్యాలలా కట్టి, “దీంట్లో పండుకోండి సావుకారీ, నీడ ఈడొకటే,” అన్నాడు. మా చిన్నాయన లారీ పొట్ట కింద ఉయ్యాలలో పసిపిల్లవాడిలా ఊగాడు. నేను టైరుకు ఆనుకుని కూచుని భాయ్‌ని తలుచుకున్నాను. ఇదే దారి, ఇవే గేట్లు. ఆయనకు ఎవరైనా నిజంగా కుర్చీ వేశారా? లేక ఆయన కూడా ఇలా టైరుకు ఆనుకుని కూచుని, ఇంటికి పోయాక పిల్లలకు ఏం చెప్పాలో అల్లుకున్నాడా? ఆ ఇత్తడి లోటా నాకు ఎంత స్పష్టంగా కనిపించేదంటే, దాని అంచు మీద సొట్ట కూడా గుర్తుంది. లేని లోటాకు సొట్ట కూడా పెట్టిన మనిషి భాయ్. కోపం రాలేదు. ఆ నాగపూరు కమలాల వాసన మాత్రం డీజిలు వాసనలోంచి ఒకసారి వచ్చి పోయింది.

అప్పుడే డ్రైవరు ఫోను మోగింది. అతను నీళ్ళకు పోయాడు. ఫోను ఉయ్యాల పక్కనే ఉంది. మా చిన్నాయన తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ‘హలో’ అనే లోపలే అవతలి నుంచి మా తమ్ముడి గొంతు, నాకు కూడా వినిపించేంత గట్టిగా:

“యాడుండావ్రా? ఇంకా ఆడే ఉండావా? చుక్క కదల్లేదే! పండుకున్యావా, తాగినావా? మా నాయన పక్కనుండాడని సోకు చేస్తాండావా? నిలబడిన దానికి బత్తా ఇస్తామనుకున్యావేమో, ఒక్క పైసా రాదు! మీ జాతే అంత, సోమరిపోతులు!”

మా చిన్నాయన ఫోను పెట్టేసి, ఉయ్యాలలోంచి లేవబోయి, లేవలేక, అలాగే పడుకుని లారీ అడుగును చూస్తూ అన్నాడు: “ఆ మాటలన్నీ నావేరా. నేను ఆఫీసులో కూచోని అన్నవే. వాడు ఒక్క అక్షరం తప్పు పోకుండా నేర్చుకున్యాడు.”

డ్రైవరు బిందెతో వచ్చాడు. “ఫోను వచ్చిందా సావుకారీ?”

“రాంగు నంబరు,” అన్నాడు మా చిన్నాయన.

ఊరికి వచ్చాక ఆయన జ్వరంతో పడుకున్నాడు. లేచిన రోజే, “పద, ఎమ్మిగనూరు పోదాం,” అన్నాడు. ఈసారి పండ్లూ లేవు, పూలూ లేవు. వీధిలో మగ్గాలు ఆగలేదు.

ఆమె అదే చోట కూచుని కండె చుడుతోంది. అతను మగ్గంలో ఉన్నాడు, తెల్లటి పడుగు మీద చీర సగానికి వచ్చింది. అది బయటివాళ్ళ నూలు కాదు, సొంత నూలు తెచ్చి నేస్తున్నదని, ఎవరికీ గడువుకు ఇవ్వాల్సింది కాదని ముసలాయన చెప్పాడు.

“సెప్పండి పెద్దాయనా. మంచి పనేనా?”

మా చిన్నాయన జీవితంలో అబద్ధం ఆడడానికి అంత మంచి అవకాశం మళ్ళీ రాదు. హోస్పేట ఆసామి అప్పటికే రెండుసార్లు ఫోను చేశాడు.

“కాదమ్మా. మంచి పని కాదు.”

“మరి ఎందుకొచ్చినారు?”

“దాన్ని కొంచెం మంచిగ చేయను నా చేతిలో ఏముండాదో సెప్పి పోదామని. నిలబడిన దినాలకు గూడ బత్తా ఇస్తా. టైరు నాది, దావ ఖర్చు నాది. తిరిగి వచ్చినాక ఇంట్లో నిద్ర పోకుండా మళ్ళా బండి ఎక్కమనను. జీతం నీ ముందర మాట్లాడుకుందాం. ఫోనులో మా పిల్లోడు ఒక్క మాట మీరినా, నాకు సెప్పు.”

“మిల్లు గేటు?”

“అది నాతో కాదమ్మా. నన్నే రానీలేదు.”

ఆమె మొదటిసారి నవ్వింది. నన్ను అడిగితే, మిగతా హామీలకన్నా ఆ ‘నాతో కాదు’ అన్నదే ఆమెను ఒప్పించింది. మగ్గంలోంచి అతను కాళ్ళు బయటికి తీశాడు. “కుక్కలు తరిమింది సెప్పినారా సావుకారీ?” అన్నాడు.

“నువ్వు సెప్పలేదా?”

“మీ పరువు గదా అని.”

“సెప్పరా, సెప్పు! కంచె దూకింది గూడ సెప్పు!” అన్నాడు మా చిన్నాయన. జీవితంలో ఒక్కసారి దూకిన కంచెకు సాక్షులుండాలని ఆయన కోరిక.

నవ్వు ఆగాక ఆమె ఒక పాత చీర తెచ్చి, సగం నేసిన పడుగు మీద కప్పింది. “ఇది తియ్యను. దీన్ని ఎవురూ నెయ్యరు. మామ మగ్గం మామది. ఈ మగ్గం ఇట్లే ఉంటాది. ఏ దినం మీరు మాట తప్పినా, ఆ దినం ఆయప్ప వచ్చి దీంట్లో దిగుతాడు. మళ్ళా పిలిస్తే రాడు.”

లారీ కదిలింది. ఆదోని ఓనర్లు ఉగ్గాని హోటల్లో మా చిన్నాయనను కుల బహిష్కారం చేసినంత పని చేశారు. “నిలబడినోడికి గూడ బత్తా ఇస్తే మేమెట్ల బతకల్లప్పా?” అని. వాళ్ళ లారీలు ఇప్పటికీ గోడల పక్కన ఉన్నాయి, కుక్కలకు మాత్రం ఇళ్ళ కొరత లేదు. ఇంతా చేసి మా చిన్నాయనకు మిగిలేది పెద్దగా లేదు. లారీ సావుకారు అనిపించుకోవడానికి సరిపోతోంది, అంతే. ఇంకొక బేరం దొరికితే డ్రైవరు దానికే పోతాడేమో కూడా. మా చిన్నాయనకది తెలుసు.

అందుకే ఏదో ఒక వంక పెట్టుకుని ఆయన ఎమ్మిగనూరు పోతుంటాడు. దుప్పట్లు కొనాలంటాడు. మా ఇంట్లో ఇప్పుడు ఉన్న దుప్పట్లతో కోడుమూరు దాకా రోడ్డు కప్పవచ్చు. పోయినసారి నేనూ వెంట పోయాను. లారీ అప్పుడు ధారవాడ దారిలో ఉంది. ఆయన వాకిట్లో నిలబడి, లోపలికి మెడ చాచి, పాత చీర కప్పిన ఆ మగ్గం వైపు చూశాడు.

“ఏమమ్మా, చీర యాడికొచ్చింది?”

ఆమె రాట్నం ఆపకుండానే, “ఆడనే ఉండాది పెద్దాయనా. మీరు ఉన్నట్ల ఉంటే, అదీ ఉన్నట్లే ఉంటాది,” అంది.